నమ్మదగిన గడియారము

అలకపానుపు నెక్కిన పెండ్లికుమారుడు దిగివచ్చుటకు గోరెడి వస్తువులలో చేతిగడియారము ముఖ్యమైనదిగా నుండిన కాలము కృష్ణాజిల్లాలో నిన్నమొన్నటిదాక నుండెను. సైకిలు, రేడియో, చేతిగడియారము అను నీ మూడింటిని గూర్చి మధ్యవర్తులు ముందుగానే మాటలాడుకొనుచుండిరి. వాని వెల లగ్నపత్రికలో వ్రాయబడకపోయినను ఉభయపక్షముల మనస్సులలోను వ్రాయబడియే యుండెడిది. మామగారు బెజవాడ వచ్చి, వన్‌టౌను అంగడివీథులలో దిరిగి, అద్దాలబీరువాలో మెఱయుచున్న వానిలో నెక్కువ మెఱయుదానిని బేరమాడి కొనిపోయెడివాడు. అది కాలమును సరిగా జెప్పునా యని యడిగినవారు అరుదు. బంగారుపూత యెన్నాళ్లు నిలుచునని యడిగినవారు పెక్కురు.

మా యక్కగారి వివాహము 1969లో జరిగినది. మా తండ్రిగారు బడిపంతులు. నాలుగునెలల జీతమునకు సమానమైన యప్పు దెచ్చి అల్లునికొఱకు విదేశపు గడియార మొకటి కొనిరి. ముహూర్తము తెల్లవాఱుజామున. పందిటిలో పురోహితుడు “ఇప్పు డెంతయైనది?” యని యడుగగా, అయిదుగురు పెద్దమనుష్యులు చేతులెత్తి చూచి అయిదు సమయములు చెప్పిరి. మొదటిదానికిని కడపటిదానికిని నడుమ పదునొకండు నిమిషముల భేదము. క్రొత్త యల్లుని గడియార మా యయిదింటిలో నొకటి. పురోహితుడు వారి నందఱిని విడిచి, వెనుక గూర్చుండియున్న రైల్వే గార్డు నొకనిని బిలిచి యడిగెను. ఆయన జేబులోనుండి తీసిన గడియారమునకు మెఱుపు లేదు. పైరేకు మాసి, అంచు లరిగిపోయినది. కాని యానాటి సాయంకాలమే ఆయన దానిని స్టేషను గడియారముతో సరిచూచుకొని వచ్చెను. జీలకఱ్ఱయు బెల్లమును ఆయన చెప్పిన నిమిషముననే పెట్టింపబడినవి. గడియారములను గూర్చి నాకు గలిగిన యాసక్తి కదియే మొదలు.

ఒక సామాన్యపు గార్డు మాటకు పెండ్లిపందిటిలో నంతటి ప్రామాణ్య మెట్లు వచ్చెనో తెలిసికొనుటకు గొంత వెనుకకు బోవలెను. గడియారమను మాటలోనే గడియ యున్నది. గడియ యనగా నిరువదినాలుగు నిమిషములు. దినమునకు అఱువది గడియలు. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచి, అది నిండి మునుగుటకు బట్టిన కాలమును గడియగా లెక్కించుట మన ప్రాచీనాచారము. ఆ గిన్నెకు తెలుగున గడియకుడుక యని పేరు. పంచాంగకర్తలు సూర్యోదయము మొదలుకొని గడియలు విఘడియలు లెక్కించు పద్ధతి యిప్పటికిని మాసిపోలేదు. ఈ లెక్కచొప్పున బ్రతి యూరికిని దన సొంతకాల ముండును. బందరు బెజవాడకు దూర్పున నున్నది గనుక అచ్చటి సూర్యుడు సుమారు రెండు నిమిషములు ముందు.

దున్నువానికిని పడవ నడుపువానికిని ఈ రెండు నిమిషములతో బనిలేదు. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియైన పిదప కాలువలు ప్రయాణమార్గములు కూడ నయ్యెను. బందరునకును ఏలూరునకును జనులు పడవలలో బోవుచుండిరి. లాకులయొద్ద పడవ యాగి, నీరు సమమగువఱకు గాచుకొని యుండవలసినదే. పడవ యెన్నింటికి బయలుదేరునని యడిగినచో “ప్రొద్దు వాలిన తరువాత” అనునదియే ప్రత్యుత్తరము. అందుచే నెవ్వరికిని గోపము వచ్చియుండదు.

ఓడవారి సంగతి వేఱు. 1611లో ఇంగ్లీషువారి యోడ బందరు చేరునప్పటికి, సముద్రమధ్యమున తాము తూర్పుపడమరలలో నెంతదూరము వచ్చిరో నిశ్చయముగా దెలిసికొను సాధనము వారికి లేదు. బయలుదేరిన రేవులోని కాలమును జెడకుండ వెంట మోసికొనిపోవు గడియార మున్నచో నా లెక్క తేలును. అట్టిదానిని జాన్ హారిసన్ అను వడ్రంగి కొడుకు 1759లో బూర్తిచేసెను. 1761లో నది జమైకా దీవికి బంపబడినది. ఆ పరీక్షలోని యొక విశేషమును గడియారము కొనువారందఱును దెలిసికొనదగును. ఆ గడియారము తప్పు చేయలేదని యెవ్వరును జెప్పలేదు. అది దినమునకు రెండుమూడు సెకండ్ల చొప్పున వెనుకబడునని ముందుగానే కనిపెట్టి, ఆ మొత్తమును లెక్కలో జేర్చిరి. ఎనుబదియొక్క దినముల పిమ్మట మిగిలిన తప్పు సుమారు అయిదు సెకండ్లు మాత్రమే. నమ్మక మనునది గడియారము తప్పు చేయకపోవుటలో లేదు. ఒకేవిధముగా దప్పుచేయుటలో నున్నది.

ఈ విద్య మన తీరమునకు రైలుతోడ వచ్చినది. నైజాము రైలు 1889లో బెజవాడ చేరెను. తరువాతి పదియేండ్లలో తూర్పుతీరపు మార్గమును, మదరాసు మార్గమును గలిసి బెజవాడను పెద్ద కూడలిగా జేసెను. ఒకే పట్టాలమీద నెదురెదురుగా వచ్చు రెండు బండ్లలో నొకదానిని స్టేషనులో నిలిపి రెండవదానిని విడువవలెనన్న రెండు స్టేషన్ల గడియారములును ఒకే మాట చెప్పవలెను. ఇచ్చట రెండు నిమిషములు ప్రాణములతో సమానము. 1792లో వెలసిన మదరాసు నక్షత్రశాల కాలమును దంతివార్త ద్వారా గ్రహించి దేశములోని రైళ్లు 1870 ప్రాంతము నుండి నడచుచుండెను. అది గ్రీనిచి కాలముకంటె 5 గంటల 21 నిమిషములు ముందు. 1906 జనవరి 1వ తేదీనుండి దేశమున కంతకును 5 గంటల 30 నిమిషముల ప్రమాణకాల మేర్పడెను. దానికి మూలమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడకు దాపుననే పోవుచున్నది. బెజవాడ దానికి బడమట నున్నది గనుక, మన చేతిగడియారములు మన సూర్యునికంటె నేడును ఏడు నిమిషములకు బైగా ముందు నడచుచున్నవి. కలకత్తావారు 1948 వఱకును, బొంబాయివారు 1955 వఱకును దమ సొంతకాలమును విడువలేదు. రెండవ ప్రపంచయుద్ధములో 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు వఱకు దేశకాలమే యొక గంట ముందునకు జరుపబడినది. ఇన్ని కాలముల నడుమ సామాన్యునికి దోచిన దొక్కటే: స్టేషను గడియార మేది చెప్పిన నదియే కాలము. అదియే యూరికి గడియకుడుక యయ్యెను. దానితో దినదినమును దన గడియారమును సరిచూచుకొనవలసిన గార్డు దాని పూజారి యయ్యెను. 1948 డిసెంబరు 1న బెజవాడలో రేడియో కేంద్రము వెలసినపిదప, ఇంట రేడియో యున్నవారికి కాలము సరిచూచుకొనుటకు స్టేషనుదాక నడువవలసిన పని తప్పెను.

రైలు వచ్చిన తరువాత గడియారము వకీళ్ల జేబులకును గుమాస్తాల జేబులకును దిగినది. 1867లో రాస్కాఫ్ అను స్విట్జర్లాండు పనివాడు కూలివాడు సైతము కొనదగిన గడియారమును ఇరువది ఫ్రాంకులకు దయారుచేసెను. అందు రాళ్లు లేవు, అలంకారము లేదు. భాగములు తక్కువ, దిట్టతన మెక్కువ. ఆ జాతివి లోకమంతట నమ్ముడుపోయెను. గాంధీమహాత్ముడు కడదాక వెంటనుంచుకొన్న ఇంగర్‌సోల్ జేబుగడియారమును డాలరు గడియారమని ప్రసిద్ధికెక్కిన చౌకజాతిదే. నిమిషము తప్పనివాడని పేరుపొందిన మనుష్యునికి జాలిన గడియారము మన పెండ్లికుమారులకు జాలకపోయినది! బొంబాయిలో 1886లో వెలసిన వెస్టెండు వాచి కంపెనీవారి సోవార్ గడియారములు సిపాయిలలో బేరుపొందినవి. మణికట్టున గడియారము గట్టుకొనుట స్త్రీల యలంకారమని యెంచిన పురుషులు 1914-18 యుద్ధములో, కందకములలో నిలిచి జేబు తడుముకొనుటకు వీలులేక, అదే యలంకారమును దాము ధరించిరి. పిదప నది పురుషుని హక్కుగా మాఱెను. మన యిండ్లలో స్త్రీకి గడియార మెందుల కని యడిగెడివారు. ఉడుకుచున్న యన్నమునకును, స్కూలునకు బోవు బిడ్డలకును, జ్వరమున మందు త్రాగవలసిన యత్తగారికిని వేళ తప్పకుండ జూడవలసినది మాత్ర మా స్త్రీయే.

ఇక గడియారము లోపలి సంగతి కొంచెము చెప్పవలెను. కీ యిచ్చినపుడు చుట్టుకొన్న పెద్దస్ప్రింగు విప్పుకొనుచు చక్రములను ద్రిప్పును. ఆ విప్పుకొనుటను అదుపులో నుంచునది బ్యాలెన్సు చక్రమును, వెండ్రుకవంటి దాని సన్నని స్ప్రింగును. సాధారణముగా నది సెకండున కయిదుమాఱులు కొట్టును. దినమునకు 4,32,000 మాఱులు. దినమున 86,400 సెకండ్లు. అందు ముప్పది సెకండ్లు తప్పినను అది సుమారు మూడువేలలో నొకపాలు మాత్రమే. ఇంత సన్నని పనికి మన దేశములో శత్రువులు మూడు: ఎండ, తేమ, దెబ్బ.

బెజవాడ యెండ ప్రసిద్ధమే. వెనుకటి ఉక్కు స్ప్రింగు వేడికి సడలి, ఒక్క డిగ్రీ హెచ్చినచో దినమునకు సుమారు పదిసెకండ్లు వెనుకబడెడిది. మార్గశిరమున సరిగా నడచిన గడియారము వైశాఖమున రెండుమూడు నిమిషములు తప్పుటకు గారణ మిదియే. గియోమ్ అను శాస్త్రజ్ఞుడు వేడికి జలింపని నికెలు ఉక్కు మిశ్రములను గనిపెట్టి 1920లో నోబెలు బహుమానము బొందెను. అందువలననే నేటి సామాన్యపు గడియారము సైత మెండకు జంకదు. దెబ్బకు బ్యాలెన్సు ఇరుసు విఱుగకుండ గాపాడు ఇన్‌కబ్లాక్ అను మెత్తనిగూడు 1930ల నుండి వాడుకలోనికి వచ్చెను. ఈ రెండును గలవో లేవో యని విచారింపవలసినది గాని, బంగారుపూతను గూర్చి గాదు. ముఖముపై వ్రాసిన రాళ్ల సంఖ్యను జూచి మోసపోరాదు. చేతితో గీ యిచ్చు గడియారమునకు బదునేడు రాళ్లు చాలును. అంతకుమించినవి పెక్కుచోట్ల నలంకారములే.

మిగిలిన శత్రువు తేమ. మన డెల్టాలో నిది మిక్కిలి క్రూరమైనది. వర్షాకాలమున గాలియే నీరు. నాట్లలో, కాలువరేవులో, చెమటలో చేయి యెప్పుడును దడిసియుండును. గడియారమున నీరు జొచ్చు ద్వారము ముఖ్యముగా గీ యిచ్చు మరయే. అందుచే వెనుకరేకు మరచుట్లతో బిగియునదియు, కీమర గట్టిగా నమరినదియు నగు గడియారమును గొనవలెను. ముప్పది మీటర్లని వ్రాసియున్నచో ముప్పది మీటర్ల లోతున దిగవచ్చునని యర్థము కాదు. వానచినుకులకును చేతులు కడుగుకొనుటకును మాత్రము వెఱవదని యర్థము. దానితో కృష్ణలో మునుగరాదు. తోలుపట్టా చెమటకు ఒకటి రెండేండ్లలో గుళ్లును. ఉక్కుపట్టాగాని నైలాను పట్టాగాని మేలు. ప్రయాణమున రాత్రివేళ రైలులో మేల్కొని చూచినపుడు ముండ్లు కనబడవలెను. చిన్నముల్లేదో పెద్దముల్లేదో తోచని సొగసు ముఖములు పెండ్లిఫొటోలకు దక్క బనికిరావు.

స్వాతంత్ర్యానంతరము విదేశపు సరకు రాక తగ్గి, దొంగసరకు పెరిగిన దినములలో హిందూస్థాన్ మెషీన్ టూల్సువారు జపానుదేశపు సిటిజన్ కంపెనీ సాయముతో 1961లో బెంగుళూరున గడియారముల తయారీకి బూనుకొనిరి. వరకట్న నిషేధపు చట్టమును ఆ సంవత్సరముననే వచ్చెను. చట్టము కంటె గడియారమే యెక్కువగా నమలులోనికి వచ్చినదని నవ్వుకొనవచ్చును. ఆ కంపెనీవారి జనతా యను గడియారము చేతితో గీ యిచ్చునది, తెల్లని ముఖము, పదునేడు రాళ్లు. దానికొఱకు జనులు పేర్లు వ్రాయించుకొని వేచియుండిరి. హైదరాబాదున 1942లో స్థాపితమైన ఆల్విన్ కంపెనీయు 1980లలో సీకోవారి తోడ్పాటుతో గడియారములు చేసినది. మన రాష్ట్రమున జేయబడిన గడియారమును మనము గట్టుకొన్న ఆ ముచ్చట చిరకాలము నిలువలేదు.

ఇంతలో 1969 డిసెంబరులో జపానున స్ఫటికపు గడియారము, అనగా క్వార్ట్జు గడియారము వెలువడినది. అందలి స్ఫటికము నేడు సెకండునకు 32,768 మాఱులు కంపించును. కీ యిచ్చు గడియార మెంత మంచిదైనను దీనితో బోటీపడలేదు. ఇది దాచవలసిన సంగతి గాదు. కాలము మాత్రమే కావలసినవానికి చౌక క్వార్ట్జు చాలును; జేబులోని ఫోను చాలును. మఱి కీ యిచ్చుదాని నేల కొనవలెను? అది బ్యాటరీనిగాని తంతినిగాని యాశ్రయింపదు; విప్పి, కడిగి, నూనె వేసినచో మరల నడచును; తండ్రి కట్టినది కూతురు కట్టవచ్చును. అయితే ఈ వాదమంతయు నొక్కని మీద నాధారపడియున్నది. వాడు గడియారములు బాగుచేయువాడు.

హెచ్.ఎం.టి. గడియారపు కర్మాగారములు 2016 నాటికి మూతపడెను. చిన్న అద్దాలపెట్టె వెనుక కంటికి భూతద్దము బిగించుకొని గూర్చుండు పనివారు విజయవాడలో నిప్పటికిని గలరు గాని, వారి కుమారులు ఫోనులు బాగుచేయుచున్నారు. క్రొత్తభాగములు లేవు, చచ్చిన గడియారమునుండి తీసి బ్రతికియున్నదానికి వేయుచున్నారు. కావున గొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న “దీని వెల యెంత?” అనునది కాదు, “దీనిని మా యూర విప్పగలవా రెవరు?” అనునది. విప్పగలవాడు చూపిన యంత్రమును గొనుడు. పాత గడియారములను గొను వేడుకగలవారికి మఱియొక మాట. పాతయంత్రములకు రంగురంగుల క్రొత్తముఖము లంటించి, ఎన్నడును తయారుకాని పేర్లు వ్రాసి యమ్ముచున్నారు. ముఖ మెంత క్రొత్తగా నున్నదో అంత యనుమానింపవలెను. వెనుకరేకు తీయించి చూడక డబ్బు చేతబెట్టరాదు.

కొన్నపిదప పదిదినములు, ప్రతిదిన మొకే వేళకు, ఫోనులోని కాలముతో బోల్చి భేదమును కాగితముపై వ్రాసికొనుడు. దినమున కిరువది సెకండ్లు చొప్పున పదిదినములును వెనుకబడినచో నది మంచి గడియారము. పనివాడు చిన్న మీటను జరిపి దానిని సరిచేయగలడు. ఒకనాడు పది ముందు, ఒకనాడు పదునైదు వెనుక యున్నచో, మొత్తముమీద సరిగానున్నట్లు తోచినను, అది దగ్గఱకు రానీయరానిది. కీ ప్రతిదిన మొకే వేళకు నిండుగా నియ్యవలెను. తనంత గీ తిరుగు ఆటోమాటిక్ గడియారము ప్రతిదినము కట్టువానికి సుకరము. తీసి పెట్టినచో దాదాపు రెండుదినములలో నాగిపోవును. నాలుగైదేండ్ల కొకమాఱు నూనె మార్పింపనివాడు గడియారమును దూషింపరాదు.

మా బావగారి గడియారము మూడవ వర్షాకాలమున నాగినది. బెజవాడలో నొక యంగడివా డాఱునెల లుంచుకొని, భాగములు దొరకవని తిరిగి యిచ్చెను. పూత మాత్రము చెదరలేదు; నేటికిని వారి బీరువాలో మెఱయుచునే యున్నది. దానికై చేసిన యప్పును మా తండ్రిగా రప్పటికింకను దీర్చుచుండిరి. పిదప సంసారము జరుగక అక్కగారు నర్సు శిక్షణము పొంది, దివిసీమలోని యొక ఆరోగ్యకేంద్రమున బనికి గుదిరెను. నాడి చూచుటకు సెకండ్లముల్లున్న గడియారము కావలెనని వారు చెప్పిరి. బావగారి బంగారు గడియారమునకు సెకండ్లముల్లే లేదు. ఆమె యీ సంగతి ఇంటికి వచ్చి చెప్పిన సాయంకాలము మా తండ్రిగారు మాటలాడక తమ చేతి జనతాను విప్పి, కీ యిచ్చి, ఆకాశవాణి వార్తలముందు వచ్చు గంటలతో సరిచూచి యామె చేతికి గట్టిరి. పట్టా వదులైనందున మఱియొక రంధ్రము మేకుతో వేయవలసివచ్చెను. ఆయన తరువాత కొన్నాళ్లు బడిలో వేళ తెలియక పిల్లల నడుగుచుండెడివారు.

అక్కగారు దానితో నెన్ని నాడులు చూచిరో, ఎందఱు శిశువులు పుట్టిన వేళను వ్రాసిరో లెక్కలేదు. 1977 నవంబరు 19 నాటి యుప్పెనలో నది యామె చేతనే యుండెను. ఆ రాత్రి తడిసిన యంత్రమును బెజవాడలో వృద్ధుడైన యొక పనివాడు రెండుదినములు కూర్చుండి, తుప్పు దుడిచి, స్ప్రింగు మార్చి, మరల నడిపించెను. కూలి యెంత యని యడుగగా, ముందు పదిదినములు చూచి వచ్చి చెప్పుమనెను. ఆమె చూచి చెప్పినది. దినమున కిరువదిసెకండ్లు వెనుక, పదిదినములును ఇరువదియే. సరిచేయనా యని యతడడుగగా నక్కర లేదని చెప్పి, నాటినుండి ఆదివారమున నొకమాఱు ముల్లును రెండు నిమిషముల కొంచెము మీదుగా జరుపుకొనుచున్నది.